ఏసీ గదికై వియ్యంకులు సల్పిన తొమ్మిది గుంతల సంగ్రామము

వినుడు, వినుడు! ఫ్యానును అయిదుకు తిప్పుకొని, చల్లని నీళ్ళసీసా చేరువ నుంచుకొని మరీ వినుడు. నేనిప్పుడు చెప్పబోవునది విన్నంతనే చెమట పట్టించు వీరగాథ. ఓ విద్యుద్దేవతా, తీగలలో పరుగులిడు తల్లీ! కథ ముగియువరకు నిలిచియుండుము. నడుమ నీవు పోయితివా, వీరులను మైదానమున ఎక్కడివారినక్కడ వదలి నేను పోయి మెట్లమీద కూర్చుందును. ముందే చెప్పేశాను, తరువాత నన్ననవద్దు.

ప్రచండమార్తాండకిరణకాండము నేలను పెనమువలె కాల్చుచుండగా, గాలియన్నది పేరునకైన లేక చెట్లన్నియు ఫొటోకు నిలుచున్నట్లు నిలుచుండగా, ఉతికి ఆరవేసిన తువ్వాళ్ళు ఆరుటకు బదులు మరింత తడియుచుండగా, సకలప్రాణిశరీరస్రవత్స్వేదధారాప్రవాహముల చొక్కాలు వీపులకతుక్కొనిపోవుచుండగా, అట్టి నడివేసవిని ఒకానొక ఆదివారమున, తొమ్మిది గుంతలు గల ఒక చిన్న గోల్ఫు మైదానమున, ఇరువురు వియ్యంకులు కర్రలు ధరించి ఎదురెదురుగా నిలిచిరి. రాజ్యము కొరకు కాదు. కీర్తి కొరకు కాదు. ఏసీ గది కొరకు.

వారెవరందురా? మొదటివాడు పళ్ళ డాక్టరు, అమ్మాయి తండ్రి. ముప్పదినాలుగేండ్లు పరుల నోళ్ళయందు చేతులుంచియు ఒక్క కాటైనను తినని దంతోత్పాటనధురంధరుడు. రెండవవాడు హెడ్మాస్టరు, అబ్బాయి తండ్రి. ఒక్క దగ్గుతో ఎనిమిదివందల మంది పిల్లలను నోరు మూయించిన నిశ్శబ్దసామ్రాజ్యసార్వభౌముడు. ఇరువురును రిటైరైరి. ఇరువురకును ఉమ్మడిగా ఒక మనవడు పుట్టి నలుబది దినములైనది. సాయము చేయుదమని ఇరువురును భార్యాసమేతులై పిల్లల ఇంటికి నెల దినములుండుటకు వచ్చిరి. ఏమి సాయము చేసిరని మాత్రము అడుగవద్దు.

ఇక ఇల్లు. అందు నాలుగు గదులు. ఒకటి దంపతులది. ఒకటి పసివానిది, అందు అమ్మమ్మయు నాయనమ్మయు ఉయ్యాలకు చెరొకవైపు పరుండి కాపలా. మిగిలినవి రెండు. మొదటిది ఏసీ గది: అందొక ఒంటిమంచమును ఒక బీరువాయును మాత్రమే పట్టును, తలుపు సగమే తెరచుకొనును, రెండవ మనిషికి చాప పరచుటకైనను చోటు లేదు. రెండవది పడమటి గది: మధ్యాహ్నము మూడింటికి దాని గోడకు వీపానించినవాడు జన్మలో మరల ఆనించడు. అందలి ఫ్యాను తిరుగుట ఎప్పుడో మానినది, ఊగుటతో సరిపెట్టుకొనుచున్నది.

వచ్చిన మొదటిరోజుననే మర్యాదాసమరము మొదలయ్యెను.

"ఏసీ గదిలో మీరు పడుకోండి బావగారూ," అని డాక్టరు.

"అబ్బే, నాకు ఏసీ గాలికి తుమ్ములొస్తాయండీ. మీరే పడుకోండి," అని హెడ్మాస్టరు.

"నాకు మాత్రం పడుతుందా? కీళ్ళు పట్టేస్తాయి. మీరే."

"అబ్బే, మీరే."

ఇట్లు నాలుగు దినములు! నాలుగు దినములు ఆ శీతలమందిరము శూన్యముగా పడియుండ, ఇరువురును హాలులో చెరొక చాప పరచుకొని, బొట్లుబొట్లుగా కరుగుచు, "గాలి బాగానే వస్తోంది కదండీ" అని ఒకరును, "భేషుగ్గా" అని ఒకరును పలుకుకొనుచుండిరి. అబ్బాయి ఈ గొడవలో తలదూర్చలేదు. ఆఫీసులో ఏసీ ఉన్నది గనుక ఆదివారము కూడ ఆఫీసుకే పోవుచుండెను. తెలివిగలవాడు.

అయిదవనాడు అమ్మాయి ఏసీ గదికి పక్కగుడ్డలకై పోవగా, లోన తన తండ్రి కన్నులు మూసుకొని, చేతులు బారచాపి, చల్లగాలికి ఎదురొడ్డి నిలిచియుండెను.

"ఏం చేస్తున్నావు నాన్నా ఇక్కడ?"

"కళ్ళజోడు వెతుక్కుంటున్నానమ్మా."

"నీ ముక్కు మీదే ఉంది."

గంట గడచిన పిదప మరల పోవగా, అదే భంగిమయందు మామగారు. ఆయన పేపరు వెదకుచుండెను. పేపరు ఆయన చంకలో ఉండెను.

అంతట అమ్మాయి సహనము నశించెను. ఆమె యొక కంపెనీలో నూటయిరువది మందిని నడుపు అధికారిణి, బాలింత సెలవులో నున్నది, రాత్రులు నిద్ర లేదు. ఇరువురను హాలులో నిలబెట్టి తీర్పు చెప్పెను.

"మీకు గోల్ఫ్ బాగా వచ్చని పెళ్ళిచూపుల రోజు నుంచీ ఇద్దరూ చెప్తూనే ఉన్నారు. మా కంపెనీ ఇచ్చిన క్లబ్బు కార్డు ఊరికే పడి ఉంది. ఆదివారం వెళ్ళి ఆడండి. గెలిచినవాళ్ళకి నెలంతా ఏసీ గది, ఓడినవాళ్ళకి పడమటి గది. మీరంటే మీరన్న మాట ఇంక నా చెవిన పడకూడదు. ఏం మావయ్యగారూ?"

"అలాగే తల్లీ," అనెను ఎనిమిదివందల మందిని నోరు మూయించినవాడు.

ఆ ఆదివారపు వేకువను డాక్టరు అద్దము ముందు నిలిచి ఘోరమైన ప్రతిజ్ఞ పూనెను. పూనడా మరి? అమ్మాయి పెళ్ళియైన నాటినుండి ఆరేండ్లుగా ఆయన తగ్గుచునే యుండెను. పెళ్ళిలో ముందువరుస కుర్చీ బావగారికి. కారులో ముందుసీటు బావగారికి. మనవనికి డాక్టరు ముక్కే వచ్చినదని ఆసుపత్రిలో నర్సుకూడ ఒప్పుకొన్నను, "మా వైపు ముక్కే కదండీ" అని హెడ్మాస్టరు అనగానే, "అవునండీ, మీ వైపుదే" అని తన ముక్కును తానే వదలుకొన్నవాడు! అమ్మాయి తండ్రి గనుక తగ్గవలెనట. ఎక్కడ వ్రాసియున్నదో ఎవరికిని తెలియదు. ఆ ఆరేండ్ల తగ్గింపు అంతయు ఆ దినమున గొంతుదాక వచ్చెను.

"ఈ ఒక్కసారి మాత్రం నేను తగ్గను!" అని గర్జించెను.

"తగ్గకపోతే మానెయ్యండి గానీ, టోపీ పెట్టుకుని వెళ్ళండి," అనెను ఆయన భార్య. టోపీ మరచి పోయెను.

మైదానమున వారికి బ్యాగులు మోయుటకై యొక ఆవిడ వచ్చెను. ఏబదియేండ్లది, పదునెనిమిదేండ్లుగా అక్కడనే పనిచేయుచున్నది. ఒక భుజమున డాక్టరుగారి బ్యాగును, ఒక భుజమున మాస్టరుగారి బ్యాగును తగిలించుకొని, కొంగు తలపై కప్పుకొని నడచెను. ఆట నియమము సులువే: బంతిని తక్కువ దెబ్బలలో గుంతలో వేసినవానిదే ఆ గుంత. తొమ్మిదింటిలో ఎక్కువ గెలిచినవానిదే ఆట. హెడ్మాస్టరు ఈ నియమముల పుస్తకమును కొని, మూడు దినములు పరీక్షకు చదివినట్లు చదివి, ఎర్రసిరాతో గీతలు గీసి, చొక్కాజేబున ధరించి వచ్చెను.

ఉదయము ఏడింటికి మొదటి గుంతకడ నిలిచిరి. ఎనిమిదిన్నరకును అచ్చటనే నిలిచియుండిరి.

"ముందు మీరు కొట్టండి బావగారూ."

"మీరుండగా నేనా? మీరే కానివ్వండి."

వెనుకనుండి వచ్చిన నాలుగు జట్లు వారిని దాటిపోయెను. చివరకు బ్యాగులావిడయే, "ఎవరో ఒకరు కొట్టండి సార్, ఎండెక్కుతోంది," అని పలుకగా, సంగ్రామము ఆరంభమయ్యెను.

ఆహా, ఆ తొలిదెబ్బ! డాక్టరు నడుము వంచి, మోకాళ్ళు మడచి, దవడ బిగించి, సకలబలసమేతుడై కర్రను విసరగా, చెమటపట్టిన చేతులనుండి కర్ర జారి, వృక్షాగ్రములను తాకుచు ఎనుబది గజములు ఎగిరిపోయెను. బంతి మాత్రము ఉన్నచోటనే ఉండెను. హెడ్మాస్టరు నవ్వలేదు. నవ్వలేదని చూపించుటకై మూతిని మరీ బిగించెను. పిమ్మట తాను కొట్టబోవగా, ఉక్కకు కళ్ళద్దములపై ఆవిరి కమ్మి, లోకమంతయు పాలవలె కనబడ, ఆయన తన బంతియని భ్రమించి తెల్లని పుట్టగొడుగును కొట్టెను. అది తునాతునకలై నలుదిక్కుల చిమ్మెను.

"మంచి దెబ్బ బావగారూ," అనెను డాక్టరు. ఆ మూడు మాటలలో ఆరేండ్ల కసి యుండెను.

ఇట్లు ఒకమారు చెరువులోను, ఒకమారు చీమలపుట్టలోను, ఒకమారు పక్కనున్న మేడవారి బాల్కనీలోను బంతులు వేయుచు ముందుకు సాగిరి. నడుమ నడుమ మర్యాదాశరపరంపరలు వేరే. గోల్ఫునందొక పెద్దమనిషి తరహా వాడుక కలదు: ఎదుటివాని బంతి గుంతను ఆనుకొని యున్నయెడల, "ఇచ్చేశాను, తీసెయ్యండి" అని పలుకవచ్చును, ఒక్క దెబ్బలో పడినట్లే లెక్క. ఈ వాడుక వియ్యంకుల చేత పడినది, ఇక చెప్పవలెనా! జానెడు దూరమున బంతి యున్న చాలు, ఒకడు "ఇచ్చేశాను బావగారూ" అనును, రెండవవాడు "అబ్బే, మీ మాట చాలు" అని కొట్టి గుంతలో వేయును. ఎటులైనను పడుచుండెను గనుక తగవు రాలేదు. ఇచ్చుటయు ఉత్తమాటయే, వద్దనుటయు ఉత్తమాటయే.

అయిదవ గుంతకడ ఉన్నది ఒక్కటే చెట్టు. దాని క్రింద ఒక్క మనిషికి సరిపోవు నీడ.

"మీరు నీడలోకి రండి బావగారూ."

"అబ్బే, నాకు ఎండ అలవాటే. మీరు నిలబడండి."

ఒకడీవైపు, ఒకడావైపు, నడుమ నీడ ఖాళీ. ఇరువురి నెత్తులును మాడుచుండెను. అప్పటికి మూడు గంటలుగా రెండు బ్యాగులు మోయుచున్న ఆవిడ ఒకసారి ఈయనను, ఒకసారి ఆయనను చూచి, బ్యాగులు దించి, ఆ నీడలో చతికిలబడెను.

"ఖాళీగా ఎందుకు సార్, నేను కూర్చుంటాను."

కూర్చోమని ఆమెతో అనవలెనని ఆ మర్యాదాపయోనిధులకు అప్పటివరకు తోచనేలేదు. తోచనందుకు సిగ్గును వేయలేదు, ఆ మాట నేనే చెప్పుచున్నాను.

ఎనిమిది గుంతలు ముగియుసరికి చెరి నాలుగు. సూర్యుడు నడినెత్తికెక్కెను. నీళ్ళు అయిపోయెను. హెడ్మాస్టరు బూట్లనుండి నడచినప్పుడెల్ల పిచిక్ పిచిక్ మని చప్పుడు వచ్చుచుండెను. తొమ్మిదవ గుంతయే ఇక ఏసీ గది.

హెడ్మాస్టరు పన్నెండు దెబ్బలలో తన బంతిని గుంతలో వేసెను. డాక్టరు పది దెబ్బలు కొట్టెను. ఆయన బంతి గుంతకు సరిగా ఒక్క అడుగు దూరమున నిలిచెను. ఒక్క దెబ్బ! పదకొండవది పడినచో విజయము, మంచము, బీరువా, చలవ!

డాక్టరు బంతిపై వంగి, మనసులో నిట్లు పలికెను: "ఓ శ్వేతగోళమా! ముందువరుస కుర్చీ పోయినది, ముందుసీటు పోయినది, మనవని ముఖమున నున్న నా ముక్కును పరులపాలు గావించితిని. ఈ ఒక్క అడుగు నడువుము. నడచితివా, నిన్ను దిండు క్రింద పెట్టుకొని నిదురింతును. నడువకున్న, నిన్ను మా అల్లుని కుక్కకు..." అల్లునికి కుక్క లేదని తోచి ఆగెను. పైకి మాత్రము "ఉస్సు" అనెను.

ఆ క్షణమున హెడ్మాస్టరు నోటినుండి, ఎండవలననో, అలవాటువలననో, ఆ మాట వెడలెను.

"అంత దగ్గర్లో ఉందిగా బావగారూ, ఇంక కొట్టడం దేనికి? ఇచ్చేశాను, తీసెయ్యండి."

అనినంతనే నాలుక కరచుకొనెను. కాని భయపడలేదు. వద్దనుట డాక్టరుగారి వంతు గదా! ఆరేండ్లుగా ఎన్నడైన ఊరక తీసుకొనెనా?

తీసుకొనలేదు. డాక్టరు నిటారుగా నిలిచి, చెమటను మోచేత తుడుచుకొని, సింహనాదము చేసెను.

"అక్కర్లేదండీ! ఈ ఒక్కటి మాత్రం మీరిస్తే తీసుకోను. కొట్టే గెలుస్తాను. మీరు అలా పక్కన నిలబడి చూస్తూ ఉండండి!"

కొట్టెను. కనురెప్పనుండి ఒక్క చెమటబొట్టు సరిగ్గా అప్పుడే కంటబడెను. బంతి గుంత అంచును తాకి, ఒక చుట్టు చుట్టి, లోనికి తొంగి చూచి, ఇవతలికి వచ్చెను. మరల కొట్టెను. అవతలికి పోయెను. మూడవమారు కొట్టగా పడెను. పదమూడు.

హెడ్మాస్టరు ముఖమున పదవ తరగతి ఫలితములు వచ్చిననాటి వెలుగు.

"అయ్యయ్యో, ఎంత పనైపోయింది బావగారూ! నేనిస్తున్నా వింటేనా! పోనీలెండి, పడమటి గదిలో గాలి బాగానే..."

"ఈ డాక్టరుగారే గెలిచారు సార్," అనెను బ్యాగులావిడ.

ఇరువురును తిరిగి చూచిరి. ఆమె జెండాకర్రను గుంతలో తిరిగి గుచ్చుచుండెను.

"ఇచ్చేశాను అని నోటితో అన్నారు కదా సార్. అన్నాక అయిపోయినట్టే. తీసుకునేవాళ్ళు వద్దనడానికి లేదు, ఇచ్చినవాళ్ళు వెనక్కి లాక్కోడానికీ లేదు. పదకొండు దెబ్బల్లో ఆట ముగిసిపోయింది. ఆ తర్వాత ఆయన కొట్టుకున్నవి ఉత్తివే."

"ఎక్కడుందమ్మా ఆ రూలు?" అని హెడ్మాస్టరు ఉరిమెను.

"మీ జేబులోనే సార్."

తడిసి ముద్దయిన పుస్తకమును తీసి, అంటుకొన్న పుటలను ఊదుచు విడదీసి, వెదకెను. దొరకెను. దాని క్రింద ఎర్రసిరా గీత. రెండు గీతలు. అబద్ధమాడుట ఆయనకు రాదు, అది మాత్రము ఒప్పుకొనవలెను. గొంతు సవరించుకొని, ప్రార్థనలో చదివినట్లు ఆ నియమమును బిగ్గరగా చదివి, పుస్తకము మూసెను.

"గీత నేనే గీశాను బావగారూ," అనెను చిన్నగా.

ఇట్లు డాక్టరు, తాను వద్దన్న దానివలన, తాను త్రోసిపుచ్చిన దానమువలన, గెలిచెను. బ్యాగులావిడ గుంతల లెక్క వ్రాసిన పత్రమున ఇరువురిచేత సంతకము చేయించి, డాక్టరు చేతికిచ్చి, "ఇంక ఇళ్ళకెళ్ళండి సార్, నేనూ ఇంటికెళ్ళాలి," అనెను.

ఇంట అమ్మాయి పసివానిని భుజాన వేసుకొని తలుపు తీసెను.

"ఎవరు గెలిచారు?"

"మీ నాన్నగారే తల్లీ," అని హెడ్మాస్టరు తల వంచుకొని జరిగినదంతయు దాచక చెప్పెను.

అమ్మాయి ఏసీ గది తలుపు తెరచెను. ఆహాహా! ఏమి ఆ చలవ! కాలిమడమనుండి పైకి ప్రాకి, తడిసిన చొక్కాను తాకి, వెన్నెముక వెంబడి ఎక్కి, మాడిన నడినెత్తిని నిమిరెను. డాక్టరు గడపమీద నిలిచెను. ఆరేండ్లలో తొలిసారి తన వస్తువొకటి తన ముందుండెను. అడుగు లోపల పెట్టబోయెను. ప్రక్కన హెడ్మాస్టరు నిలిచియుండెను, ఎర్రబడిన ముఖముతో, పిచిక్ మను బూట్లతో. ఆ ముఖమును చూచి డాక్టరు మనసేమి అనుకొన్నదో నాకు తెలియదు గాని, నాలుకకు మాత్రము అలవాటన్నది కలదు గదా. అది కదలెను.

"ముందు మీరు రండి బావగారూ... అసలు ఈ గది మీరే తీసుకోండి. నాకా గది చాలు, గాలి బాగానే వస్తుంది."

అని, "అబ్బే" కొరకు చూచెను.

అబ్బే రాలేదు. గోడ గడియారము కొట్టుకొనుచుండెను. పసివాడు ఆవులించెను. అబ్బే ఇంకను రాలేదు.

"సరే బావగారూ," అనెను హెడ్మాస్టరు. "ఇచ్చింది వద్దనకూడదు. ఇవాళే నేర్చుకున్నాం కదా."

లోనికి పోయెను. సగమే తెరచుకొను తలుపు పూర్తిగా మూసుకొనెను. గడియ పడిన చప్పుడు ఇల్లంతయు వినబడెను.

"నాన్నా! ఏం చేశావు నువ్వు?"

"నేనేం చేశానమ్మా? మాట వరసకన్నాను. ఆయన వద్దంటారనుకున్నాను."

"ఆయనా అదే అనుకుని ఓడిపోయారు," అని అమ్మాయి నుదురు కొట్టుకొని పోయెను. లోపలినుండి భార్య కంఠము: "టోపీ పెట్టుకున్నారా లేదా?"

మధ్యాహ్నము మూడు. పడమటి గది. గోడ కాలుచున్నది, ఫ్యాను ఊగుచున్నది. కరెంటు ఒకమారు మిణుకుమన, అదియును ఆగెను. (తల్లీ, నీకు ముందే చెప్పితిని గదా. సరే, ఇంక నాలుగు మాటలే, ముగించి పోయెదను.) డాక్టరు చాపపై వెల్లకిల పరుండి, జేబునుండి గెలుపుపత్రమును తీసెను. మంచి దళసరి అట్ట. అందు తన పేరున అయిదు గుంతలు. దానితో మెల్లగా విసరుకొనసాగెను. ఏడ్పు వచ్చెనా? వచ్చెను. గోడ అవతల ఏసీయును ఆగియుండును గదా అన్న తలపుతో కొంత తగ్గెను. అంతలో కరెంటు వచ్చెను. అవతల ఏసీ మరల గుర్రుమనెను.

పిమ్మట, ఓ శ్రోతలారా, గోడ అవతలినుండి వచ్చినది. మొదట సన్నని ఎగశ్వాస. తరువాత నిశ్శబ్దము. తరువాత, ఎనిమిదివందల మందిని నోరు మూయించిన ఆ ముక్కునుండి, ఇల్లదరునట్లు ఒక తుమ్ము!

విసరుచున్న చేయి ఆగెను. డాక్టరు లేచి కూర్చుండెను. తుమ్ములొస్తాయని మొదటిరోజున ఆయన చెప్పినది నిజమే!

"ఏసీ పడటం లేదా బావగారూ?" అని గోడకు నోరానించి కేకవేసెను. నోరు కాలెను. లెక్కచేయలేదు.

"అబ్బే, భేషుగ్గా ఉందండీ!"

ఆ గదిని ఆయన ఇక తిరిగి ఇవ్వనులేడు, వద్దననులేడు. ఇంకను ఇరువదిరెండు దినములు. డాక్టరు మరల పరుండి, గెలుపుపత్రముతో ముఖమునకు మంచి గాలి విసరుకొనెను.

కావున దిక్కులదర చాటుడు, పదిమందికి చెప్పుడు! నాటి మహాసంగ్రామమున దంతోత్పాటనధురంధరుడగు పళ్ళ డాక్టరు, జలుబు సోకని పడమటి గదియందు, చెమటలో తేలుచు, ఒక్క తుమ్ము తేడాతో గెలిచెను.